కడుపునొప్పి అని రాసింది ఎవరు?

‘కడుపునొప్పి భరించలేక వివాహిత ఆత్మహత్య.’ జిల్లా పేజీలో నాలుగు పంక్తుల ఈ వార్త చదవనివాళ్లు మనలో ఉండరు. ఊరి పేరు మారుతుంది, వయసు మారుతుంది, ఉరి బదులు పురుగుమందు వస్తుంది. కడుపునొప్పి మాత్రం మారదు. పెళ్లయి నాలుగేళ్లు కూడా నిండని ఆడవాళ్లకే ఇంత ప్రాణాంతకమైన నొప్పి ఎందుకు వస్తుందో, దాన్ని ఏ డాక్టరుకు చూపించారో అడిగేవాళ్లు తక్కువ.

స్త్రీల అసహజ మరణాల మీద పని చేస్తూ పోలీసు కాగితాలు చదివాక నాకు అర్థమైనదొకటుంది. చాలాసార్లు ఆ మాట డాక్టరుది కాదు. చనిపోయినామెది అసలే కాదు. ఆమె ఏ ఇంట్లో చనిపోయిందో ఆ ఇంటివాళ్లది. అది శవ పంచనామాలోకి ఎక్కుతుంది, అక్కడి నుంచి పేపరుకు వెళ్తుంది, చివరికి కేసు మూసేసే కాగితం మీద కారణంగా నిలబడుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక ప్రభుత్వాసుపత్రి శవాల గది ముందు నేను చూసింది చెప్తాను. అమ్మాయికి పెళ్లయి రెండేళ్లు. తండ్రి నేల మీద కూలబడి ఉన్నాడు. అల్లుడి వైపు పెద్దమనుషులు చుట్టూ చేరి, ‘అయ్యిందేదో అయ్యింది బావా, పసివాడి మొహం చూడు’ అంటున్నారు. కానిస్టేబులు అప్పటికే రాసి ఉంచిన కాగితం ముందు పెట్టాడు. ఆయన చదవకుండానే సంతకం చేశాడు. ‘మాకు ఎవరి మీదా అనుమానం లేదు’ అని అందులో ఉంది. కాస్త దూరంలో చెట్టు కింద ఉన్న తల్లిని ఎవరూ పలకరించలేదు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే ఆమె అన్న మాట ఒకటే: ‘దసరాకి వచ్చినప్పుడు మళ్లా పోనమ్మా అనింది. నేనే నచ్చజెప్పి పంపితిని.’

నెల తర్వాత ఆ దంపతులు స్టేషనుకు వెళ్లారు. ‘ఆ రోజు సంతకం పెట్టి ఇప్పుడు ఎవరు ఎక్కిస్తే వచ్చారు?’ అని అడిగారట. బిడ్డ శవం ముందు ఉన్న మనిషి చేత పెట్టించుకున్న సంతకం ఆ బిడ్డకే ఎదురు సాక్ష్యమైంది.

చట్టం లేక ఇలా జరగడం లేదు. స్త్రీల ఉద్యమ ఒత్తిడితో 1983లోనే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్‌ను సవరించారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 194వ సెక్షన్. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా, బంధువులు కోరినా పోలీసులు శవాన్ని పోస్టుమార్టానికి పంపాలి. మొదటి రెండు సందర్భాల్లో మేజిస్ట్రేటు విచారణ కూడా తప్పనిసరి. మన దగ్గర ఎక్కువగా తహశీల్దారు చేసేది ఇదే. ‘కోతలెందుకు, మర్యాదగా తీసుకుపోదాం’ అని ఇరువైపులా ఒప్పుకున్నంత మాత్రాన వదిలేయగలిగే తంతు కాదిది.

1986లో వచ్చిన 304-బి సెక్షన్ (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 80) ఇంకో అడుగు ముందుకు వేసింది. చావు ఏడేళ్లలోపు, మామూలు పరిస్థితుల్లో కాకుండా జరిగి, దానికి ముందు కట్నం కోసం వేధింపు ఉంటే అది వరకట్న మరణం. హత్యా, ఆత్మహత్యా, ప్రమాదమా అనే గళ్లలో దాన్ని బిగించనక్కర్లేదని జస్టిస్ ఎన్.వి. రమణ నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం 2021లో స్పష్టం చేసింది. అంటే ‘ఆత్మహత్యే’ అని తేలిన చోట దర్యాప్తు ముగియదు, మొదలవుతుంది. మన స్టేషన్లలో జరుగుతున్నది దీనికి తలకిందులు.

పంచనామా స్వభావంలోనే ఒక చిక్కుంది. స్థానికులైన ఇద్దరు ముగ్గురు గౌరవనీయుల సమక్షంలో చేయాలంటుంది చట్టం. స్థానికులంటే ఎవరు? భర్త ఊరివాళ్లు. గౌరవనీయులంటే? ఆ ఇంటి పెద్దకు పొలం గట్టు మీదా, కల్లం దగ్గరా తోడుండేవాళ్లు. ఆ ఊరికి కోడలిగా వచ్చిన పరాయి పిల్ల చావుకు కారణం వాళ్లు చెప్తారు! పంచనామా ఉద్దేశం చావుకు పైకి కనిపించే కారణం తెలుసుకోవడం వరకేనని, ఎవరు ఎలా చేశారన్నది దాని పరిధిలోకి రాదని మన రాష్ట్రం నుంచి వెళ్లిన పెద్ద నారాయణ కేసులో సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. అలాంటప్పుడు అందులో కట్నం మాట లేదు కాబట్టి వేధింపే లేదని తేల్చడం ఏం న్యాయం?

పోలీసులను మనం అడుగుతున్నది అద్భుతాలేమీ కాదు. ఆ గది కడిగేయకముందే వెళ్లమంటున్నాం. స్టవ్వు, డబ్బా, తాడు, ఆమె ఒంటి మీది బట్టలు, ఉత్తరాలు, ఇప్పుడైతే సెల్‌ఫోను భద్రపరచమంటున్నాం. ఎవరు ముందు చూశారు, ఎవరు కిందికి దించారు, ఆసుపత్రికి ఎన్ని గంటలకు బయలుదేరారు, పుట్టింటికి ఎప్పుడు కబురు పెట్టారు అన్నవి ఒక్కొక్కరినీ విడివిడిగా అడగమంటున్నాం. తల్లినీ అక్కచెల్లెళ్లనూ వేరుగా కూర్చోబెట్టి, వాళ్ల మాటల్లోనే రాసుకోమంటున్నాం. అంత్యక్రియలయ్యాక, మనసు కాస్త కుదుటపడ్డాక మళ్లీ వెళ్లమంటున్నాం. కాలిన గాయాలతో ఆమె ఇంకా బతికే ఉంటే, అత్తింటివాళ్లను వార్డు బయటికి పంపి మేజిస్ట్రేటు చేత వాంగ్మూలం తీయించమంటున్నాం.

అమాయకులు ఇరుక్కుంటారని కొందరంటారు. నిజమే, ప్రతి చావూ నేరం కాదు. కానీ మొదటిరోజు జాగ్రత్తగా చేసిన దర్యాప్తే అమాయకుడికి కూడా రక్ష. కడుపునొప్పే నిజమైతే ఒక మందుల చీటీ ఉంటుంది, చూసిన డాక్టరు ఉంటాడు. అవేవీ లేకపోతే, చావే మేలనిపించేంత నొప్పితో ఉన్న మనిషిని ఆ ఇల్లు ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోలేదన్న ప్రశ్నకు జవాబు కావాలి.

దేశంలో 2022లో ఆరువేలకు పైగా వరకట్న మరణాలు నమోదయ్యాయని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. కడుపునొప్పి కింద జమ అయినవి అందులో లేవు.

పోలీసులు మారేదాకా మనం చేయగలిగిన పని ఒకటుంది. మన ఊళ్లో ఇలాంటి చావు జరిగితే ఇద్దరు ముగ్గురం కలిసి శవాల గది దగ్గరికి వెళ్దాం. ఆ తల్లి పక్కన కూర్చుందాం. కాగితం వాళ్లకు చదివి వినిపించనిదే సంతకం పెట్టనివ్వకుండా చూద్దాం.