ఎందుకు? ఎలా? – ఆకాశంలో తెల్లని గీత

ఆకాశంలో తెల్లని గీత కనిపించగానే పిల్లలు "రాకెట్! రాకెట్!" అని కేకలు వేస్తారు. "రాకెట్ కాదురా, విమానం వదిలిన పొగ" అని పెద్దలు సరిదిద్దుతారు. నిజానికి అది పొగ కూడా కాదు, విమానం గీసిన మేఘం!

జెట్ విమానాల ఇంధనం మన కిరోసిన్‌కు దగ్గరి చుట్టమే. ఒక కిలో ఇంధనం మండితే సుమారు 1.25 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. కిలోకు మించి నీరు ఎలా వచ్చిందని సందేహమా? ఇంధనంలోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తేనే నీరు. ఆ అదనపు బరువు గాలి ఇచ్చినదే.

ఊటీలో చలి పొద్దున మాట్లాడితే నోటి నుంచి తెల్లని ఆవిరి వస్తుంది కదా! ఇదీ అలాంటిదే. పైన చలి సున్నాకు 40 డిగ్రీల దిగువన ఉంటుంది. ఇంజను వదిలిన ఆవిరి సన్నని మసి రేణువుల మీద నీటి బొట్లుగా మారి, వెంటనే మంచు పలుకులుగా గడ్డకడుతుంది. వేడి ఆవిరి చల్లబడేందుకు కాస్త వ్యవధి కావాలి గనుక ఇంజనుకూ గీతకూ నడుమ కొంచెం ఖాళీ కనిపిస్తుంది. మన దక్షిణాదిలో అంతటి చలి ఇంచుమించు 11 కిలోమీటర్ల ఎత్తున గాని దొరకదు. అందుకే దిగువన ఎగిరే విమానాల వెనుక గీత ఉండదు.

గీత నిమిషంలో మాయమైతే పైగాలి పొడిగా ఉన్నట్టు. గంటల తరబడి నిలిచి, ఏకిన దూదిలా విచ్చుకుంటే అక్కడ తేమ నిండుగా ఉన్నట్టు.

చిక్కంతా ఇలా పరుచుకునే గీతలతోనే. భూమి నుంచి పైకి పోయే వేడిని అవి దుప్పటిలా ఆపుతాయి. పగలు కొంత ఎండను వెనక్కి తిప్పి పంపుతాయి గాని, రాత్రి ఆ మేలు కూడా లేదు. మొత్తం మీద భూమి వేడెక్కడానికే అవి తోడ్పడుతున్నాయని శాస్త్రజ్ఞుల అంచనా.

దీనికి ఉపాయం లేకపోలేదు. అమెరికాలో 70 ప్రయాణాలలో పైలట్లు ఎత్తు మార్చి, తేమ పొరలను తప్పించి విమానాలు నడిపి చూశారు. 2023లో ఫలితాలు వెలువడ్డాయి. గీతలు సగానికి పైగా తగ్గాయి. ఆ ప్రయాణాలకు ఇంధనం మాత్రం 2 శాతం ఎక్కువ పట్టింది. ఆ ఖర్చుకు తగిన మేలు జరుగుతుందా అన్నదే ఇక తేలవలసిన లెక్క.

ఈసారి గీత కనిపిస్తే, అది ఎంతసేపు నిలిచిందో గడియారం చూసి నోటుపుస్తకంలో రాసుకోమని మీ పిల్లలకు చెప్పండి. తెలుగులోనే సుమా!