ఆ ఆశ్రమానికి మళ్లీ టికెట్లు కొనొద్దు

సంఘపెద్దలకు, కాపరులకు, యూత్ లీడర్లకు, పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు:

వచ్చే దసరా సెలవులకు నేపాల్ మిషన్ ట్రిప్ అని నోటీసు బోర్డు మీద మళ్లీ కాగితం అంటించారు. పేర్లు ఇమ్మంటున్నారు, కానుక కవర్లు పంచుతున్నారు. పోయిన దసరాకు అక్కడ జరిగినదాని మీద కమిటీలో ఒక్కరూ నోరు విప్పలేదు. అందుకే ఈ కరపత్రం.

ఆ వీడియో మీరందరూ చూశారు. ఆరాధన అయ్యాక తెర మీద వేశారు. కాఠ్మాండూలో ఒక పిల్లల ఆశ్రమం. ఒకే రంగు స్వెట్టర్లు తొడిగిన పిల్లలు రెండు వరసల్లో నిలబడి, మనవాళ్లు ముందురోజు నేర్పిన తెలుగు పాట పాడుతున్నారు. ముందు వరస చివర ఉన్న బాబుకు పాట రాదు. పెదాలు ఆడిస్తూ, పక్కవాడి చేతుల వంక చూసి చూసి చప్పట్లు కొడుతున్నాడు. వీళ్లకు ఈ లోకంలో ఎవరూ లేరని మైకులో చెప్పారు. హాలంతా కళ్లు తుడుచుకుంది. కానుక పెట్టె నిండింది.

బృందంలో వెళ్లిన నర్సింగ్ విద్యార్థిని ఒకామె ఆ బాబుతో హిందీలో మాట్లాడింది. పేరు, ఊరు అడిగింది, అంతే. వాడిది హుమ్లా అనే కొండ జిల్లా. అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, ఇంట్లో చెల్లెలు ఉంది. దశైన్‌కు బాబాయి వచ్చి ఊరికి తీసుకెళ్లాల్సి ఉంది. ఇండియా నుంచి అతిథులు వస్తున్నారు, పాట పాడాలి, ఈసారికి వద్దన్నారట. ఆ సంగతి ఆ అమ్మాయి లీడర్లకు చెప్తే, "అవన్నీ మనకెందుకమ్మా, ప్రార్థన చేద్దాం" అన్నారు.

మన దసరా రోజుల్లోనే వచ్చే దశైన్ నేపాలీలకు ఏడాది మొత్తంలో పెద్ద పండగ. ఎక్కడెక్కడో పనిచేసేవాళ్లు కిక్కిరిసిన బస్సుల్లో పడి ఊరు చేరుకుంటారు. పెద్దవాళ్లు పెరుగులో బియ్యం, కుంకుమ కలిపి నొసట టీకా పెడతారు, జమరా అని పిలిచే బార్లీ మొలకలిచ్చి దీవిస్తారు. అది హిందువుల పండగ, మనకేం పట్టిందని అడిగినవాళ్లున్నారు. పిల్లాడు తల్లి దగ్గరికి వెళ్లడానికి ఏ మతమైతేనేం? మనకు సెలవులు కుదిరాయి, వాడికి ఇల్లు తప్పిపోయింది. ఆ వీడియోకు అసలు ఖర్చు అది.

ఇది ఏదో ఒక ఆశ్రమంలో పొరపాటున జరిగిందనుకోకండి. 1996 నుంచి 2006 దాకా నేపాల్‌లో మావోయిస్టుల అంతర్యుద్ధం నడిచింది. హుమ్లా లాంటి కొండ జిల్లాల్లో తల్లిదండ్రుల దగ్గరికి దళారులు వచ్చారు. పిల్లల్ని కాఠ్మాండూలో మంచి బడిలో చదివిస్తాం, యుద్ధానికి దూరంగా ఉంచుతాం అని డబ్బు పుచ్చుకున్నారు. తీసుకెళ్లి, తల్లిదండ్రులు చనిపోయినట్టు కాగితాలు పుట్టించారు. 2004లో గోదావరి అనే ఊళ్లో (మన నది కాదు, కాఠ్మాండూ లోయలో ఉంది) ఒక పిల్లల ఇంటికి కాన‌ర్ గ్రెనన్ అనే అమెరికన్ కుర్రాడు వలంటీరుగా వెళ్లాడు. అక్కడ అనాథలనుకున్న పిల్లలకు అమ్మానాన్నలున్నారని తరువాత తెలిసింది. అతను ఫొటోలు పట్టుకుని హుమ్లా కొండలెక్కి ఆ తల్లిదండ్రుల్ని వెతికాడు. మనవాళ్లు ఆశ్రమం గేటు దగ్గరే గ్రూప్ ఫొటో దిగి వచ్చేశారు.

ఒక్కటి ఆలోచించండి. నేపాల్‌లో పేదరికం ఎక్కువున్నది పడమటి కొండల్లో. పిల్లల ఆశ్రమాల్లో చాలా భాగం ఉన్నది మాత్రం కాఠ్మాండూ, లలిత్‌పూర్, పోఖరా, చిత్వాన్ చుట్టూ, అంటే విమానాశ్రయాలు, హోటళ్లు, పర్యాటకులు ఉన్నచోట. అనాథలు ఒకచోట, అనాథాశ్రమాలు ఇంకోచోట ఎందుకున్నాయి? చందా ఇచ్చే చేతులు వచ్చి వాలే చోట ఆశ్రమం లేస్తుంది. ఆశ్రమం లేచాక దాన్ని నింపడానికి పిల్లలు కావాలి. పిల్లలు తక్కువైతే చందా తగ్గుతుంది. అందుకే పిల్లాడిని ఇంటికి పంపడం నిర్వాహకుడికి నష్టం. ఈ లెక్క అర్థం కావడానికి బీకామ్ అక్కర్లేదు.

నేపాల్ ఒక్కచోటే కాదు. కంబోడియాలో 2011లో యునిసెఫ్‌తో కలిసి ప్రభుత్వం చూస్తే, ఆశ్రమాల్లోని పిల్లల్లో దాదాపు నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. హైతీలో 2010 జనవరి భూకంపం తరువాత పదిమంది అమెరికన్ బాప్టిస్టులు 33 మంది పిల్లల్ని బస్సులో సరిహద్దు దాటించబోయి అరెస్టయ్యారు. ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు ఉన్నారని తేలింది. ఆ పదిమందీ మనలాగే ప్రార్థన చేసి బయల్దేరినవాళ్లే. ఆస్ట్రేలియా 2018లో తెచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం సందర్భంగా, ఆశ్రమాల కోసం పిల్లల్ని తరలించడం కూడా బానిసత్వపు రూపమేనని గుర్తించింది. ఆస్ట్రేలియా పార్లమెంటుకు అర్థమైంది మన యూత్ కమిటీకి అర్థం కావడం లేదు.

ఇక మర్యాద చాలు. మనకు ఇది తెలియదని చెప్పుకునే హక్కు లేదు. కోస్తా జిల్లాల మిషన్ హాస్టళ్లలో చదివినవాళ్లు ఈ సంఘంలో సగం మంది ఉన్నారు. దొరలు వస్తున్నారంటే మనకేం చేయించారు? పొద్దున్నే తలకు నూనె రాయించి, ఉతికిన చొక్కాలు తొడిగించి, బంతిపూల దండలు చేతికిచ్చి ఎండలో నిలబెట్టలేదా? అర్థం కాని ఇంగ్లీషు పాట నోటికి పట్టించలేదా? వాళ్లు పంచిన చాక్లెట్లు గుర్తున్నాయి కానీ, ఆ ఆదివారం చూడడానికి వచ్చిన అమ్మను గేటు బయట కూర్చోబెట్టింది గుర్తులేదా? ఇప్పుడు మనమే దొరలమయ్యాం. రక్సౌల్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్టు కొనుక్కున్న దొరలం.

మిషనరీల పేరు చెప్పి సమర్థించుకునేవాళ్లకు ఆ మిషనరీల చరిత్రే జవాబు చెప్తుంది. 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ కొన్నేళ్లకు అమెరికా తిరిగి వెళ్లి, యాభై దాటిన వయసులో వైద్యం చదివి, పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చాడు. అన్నా కుగ్లర్ డాక్టరు చదువు పూర్తిచేసి, ఆస్పత్రిలో పనిచేశాకే 1883లో గుంటూరులో అడుగుపెట్టింది, 1898కి గానీ ఆమె ఆస్పత్రి తెరుచుకోలేదు. ఒంగోలు క్లౌ దొర కుర్రతనంలో సర్వే పని చేసినవాడు. 1876-78 కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించి కూలి ఇచ్చాడు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని కరవు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగిన సంగతి అందరూ చెప్తారు, ముందు ఆపిన నెలల సంగతి ఎవరూ చెప్పరు. డోర్నకల్ బిషప్ అజరయ్య తమిళుడు. తెలుగు నేర్చుకుని మన మధ్య బతికాడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభలో నిలబడి, మీరు చాలా ఇచ్చారు, ఇక మాకు స్నేహితుల్ని ఇవ్వండని అడిగాడు. వీళ్లలో ఎవరూ వారం రోజుల టూరుకు రాలేదు.

కాబట్టి మేం అడిగేది ఇదీ. పిల్లల ఆశ్రమాలను కార్యక్రమంలో నుంచి మొత్తంగా తీసేయాలి. చూసి వస్తాం, పాట పాడి వస్తాం, బిస్కెట్లు పంచి వస్తాం అనే వెసులుబాటు కూడా వద్దు. అక్కడి నేపాలీ సంఘం ఫలానా పని ఉంది, ఫలానా పని వచ్చినవాళ్లు కావాలి అని ఉత్తరం రాస్తేనే ట్రిప్. ఉత్తరం రాకపోతే ఆ దసరాకు ఇంట్లో కూర్చుందాం. ఇక్కడ ఏ పని చేస్తున్నారో అక్కడా అదే చేయాలి. ప్లంబరు పైపులు వేయాలి, అకౌంటెంటు లెక్కలు నేర్పాలి. ఇక్కడ ఇంజెక్షన్ చేయడానికి లైసెన్సు లేని విద్యార్థి అక్కడ సిరంజి పట్టుకోకూడదు. డాక్టర్లయినా నేపాల్ మెడికల్ కౌన్సిల్ దగ్గర తాత్కాలిక రిజిస్ట్రేషన్ లేకుండా క్యాంపు పెట్టకూడదు.

వెళ్లేవాళ్లు కనీసం ఆరు నెలలు నేపాలీ నేర్చుకోవాలి. లిపి దేవనాగరి, హిందీ వచ్చినవాళ్లకు కష్టమేమీ కాదు. అరవై అయిదేళ్ల లోపు పెద్దవాళ్లకు నేపాల్ ప్రయాణానికి ఆధార్ కార్డు చెల్లదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. టైఫాయిడ్ టీకా బయల్దేరే ముందురోజు కాదు, వారాల ముందు వేయించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా చట్టం చదవాలి. నేపాల్ 2015 రాజ్యాంగం 26వ అధికరణం ఇంకొకరి మతం మార్పించడాన్ని నిషేధిస్తోంది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం అయిదేళ్ల దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జుల్మానా. విదేశీయులైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. పోయిన దసరాకు మనవాళ్లు నేపాలీలో అచ్చయిన కరపత్రాలు సంచుల్లో వేసుకుని సరిహద్దు దాటారు. దొరికితే ఎవరు జవాబుదారీ? మైనరు పిల్లల చేత ఆ సంచులు మోయించినవాళ్లా, ఆ కరపత్రాలు తీసుకున్న, సరిహద్దు అవతలి వీరగంజ్ రిక్షావాడా?

ప్రభువు పిలిస్తే ట్రైనింగ్ ఎందుకని కొందరంటున్నారు. హయ్యర్‌నూ ప్రభువే పిలిచాడు, ఆయన కాలేజీలో చేరాడు. యువతకు కళ్లు తెరుచుకుంటాయి అనేవాళ్లున్నారు. మన పిల్లల కళ్లు తెరిపించడానికి పరాయి పిల్లాడి పండగ ఎందుకు పోవాలి? ఆశ్రమాలు మూసేస్తే ఆ పిల్లలు ఎక్కడికి పోతారని అడుగుతున్నారు. హుమ్లాకు. ఇంటికి. నిజంగా ఎవరూ లేని పిల్లలకు బంధువులో, పెంచుకునే కుటుంబమో వెతికే పని నేపాలీలు చేస్తున్నారు. రైలు టికెట్ల డబ్బు, స్వెట్టర్ల డబ్బు ఆ పనికి పంపితే చాలు.

కొత్త ట్రిప్ లెక్కలు పాస్ చేయడానికి పిలిచే సర్వసభ్య సమావేశానికి అందరూ రండి. ఆశ్రమం పేరు, రిజిస్ట్రేషన్ కాగితం, పిల్లల తల్లిదండ్రుల వివరాలు ముందు పెట్టమని అడగండి. పెట్టకపోతే కానుక కవర్లు ఖాళీగా వెనక్కి ఇవ్వండి. మీ అబ్బాయి పేరో అమ్మాయి పేరో ఇప్పటికే ఇచ్చి ఉంటే, సమావేశానికి ముందే కొట్టేయించండి.

కొందరు సంఘ సభ్యులు