గోమారి కడుపులో ఏముంది?

మా కంటోన్మెంట్ వీధి కుక్క మూడు రోజులు ముద్ద ముట్టలేదు. చెవి మడత తిప్పి చూస్తే ఆముదపు గింజల్లా ఉబ్బిన గోమార్లు. ఆముదానికి శాస్త్రంలో ఉన్న రిసినస్ అనే పేరుకు లాటిన్‌లో అర్థం గోమారి అనే. ఆ పోలిక లాటిన్ వాళ్లకూ తట్టిందన్నమాట. కుక్క చిగుళ్లు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. ఒక డాక్టరు చూసి, టిక్ ఫీవరని సూది వేసి పంపేశారు. రక్తపు చుక్క తీసి గాజు పలక మీద పరికించలేదు. జ్వరం తిరగబెట్టింది. ఇంకోచోట రక్తం చూశాక తెలిసింది, అది బబేసియా గిబ్సోని అని.

ఆ పేరు పుట్టింది మన వైపే. 1910లో, మన బళ్లారి ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లాగా ఉన్నప్పుడు, ప్యాటన్ అనే దొర మద్రాసు వేటకుక్కల రక్తంలో ఎర్రకణాల లోపల ఓ చిన్న జీవిని చూశాడు. అప్పటికి తెలిసిన కుక్కల బబేసియా కంటే ఇది చిన్నది. తర్వాత నక్క రక్తంలోనూ అదే కనిపించింది. కొత్త జాతి అని వర్ణించి పేరు పెట్టాడు. అంతకు కొద్ది ముందు, 1907లో, క్రిస్టఫర్స్ అనే మరో పరిశోధకుడు కుక్కల తెల్లకణాల్లో ఉండే మరో జీవి గోమారి ఒంట్లో ఎలా పెరుగుతుందో వివరించాడు. నేడు దాన్ని హెపటోజూన్ కానిస్ అంటున్నాం. విచిత్రం ఏమిటంటే ఇది కాటుతో రాదు. కుక్క ఒళ్లు నాక్కుంటూ, కొరుక్కుంటూ గోమారిని మింగితే వస్తుంది.

పేరు ఏదైతేనేం, గోమారి జ్వరం గోమారి జ్వరమే కదా అంటారు. కాదు. పెద్ద రకం బబేసియాకు పనిచేసే సూది గిబ్సోనిని పూర్తిగా లొంగదీయలేదు. దానికి అటోవాకోన్, అజిత్రోమైసిన్ కలిపి వాడతారు. జాతి తెలియకుండా వేసే మందు చీకట్లో విసిరిన రాయి.

అడవి సంగతి ఇంకా వెనకబడి ఉంది. జపాన్‌లో నల్ల ఎలుగుబంట్లలో ఉన్న హెపటోజూన్‌ను కొలిచి, జన్యువును పోల్చి, ఆ ఎలుగుల మీద ఏరిన గోమార్లలోనూ చూసి, 2008లో హెపటోజూన్ ఉర్సి అని కొత్త జాతిగా ప్రకటించారు. 2011లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలు మన ఎలుగుబంట్ల రక్తంలోనూ దాన్ని గుర్తించారు. జపాన్ వాళ్లు పేరు పెట్టి ఉండబట్టే మనవాళ్లు పోల్చుకోగలిగారు. ఇంకా పేరు లేకుండా మిగిలినవి ఎన్నో!

ఎలుగుబంట్లంటే మనకు దరోజి గుర్తుకు రావాలి. 1994 నుంచి అది అభయారణ్యం. కరడికల్లు గుట్ట బండల మీద బెల్లం పాకం పూస్తే సాయంత్రానికి ఎలుగులు దిగివస్తాయి. జనం బైనాక్యులర్లతో వాటి జూలు చూసి మురిసిపోతారు. ఆ జూలులో దాగిన గోమార్లను, వాటి కడుపులో ఉన్నవాటిని కూడా ఎవరో ఒకరు చూడాలి. చుట్టూ గొర్రెల మందలు తిరుగుతాయి, కాపరుల కుక్కలు తిరుగుతాయి. మద్రాసు నక్కకూ వేటకుక్కకూ ఒకే పరాన్నజీవి ఉందని 1910లోనే తేలింది. అడవికీ ఊరికీ మధ్య గోమారికి గట్టు లేదు.

1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో గోమార్లు మోసిన జబ్బుతో కోతులు రాలిపోయి, మనుషులు మంచం పట్టాక గానీ అక్కడి గోమార్లను ఏరి పరీక్షించలేదు. ఈసారైనా చావులకు ముందే చూద్దాం.

ఇందుకు పెద్ద ఖర్చేం లేదు. చికిత్స కోసం ఎలుగును మత్తులో పడుకోబెట్టినప్పుడు, చనిపోయిన జంతువుకు పోస్టుమార్టం చేసేటప్పుడు, నాలుగు గోమార్లు స్పిరిట్ సీసాలో వేసి, తేదీ, చోటు, జంతువు పేరు పెన్సిలుతో రాసిన చీటీ అందులోనే పెట్టాలి. ఒక రక్తపు పలక తీయాలి. వాటిని చదవగల వర్గీకరణ శాస్త్రజ్ఞులకు విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలు ఇవ్వాలి. అటవీశాఖ వారిని, పశువైద్యులను నేను కోరేది ఇదే. ఇక కుక్కను సాకేవారు మీ డాక్టరును సూదికి ముందు ఒక మాట అడగండి: రక్తం చూశారా అని.