పాత కారు ముచ్చట

మేడ్చల్, శామీర్‌పేట వైపు పొలం అమ్మిన డబ్బు చేతికి రాగానే ఇంట్లో కారు మాట వస్తుంది. కొందరు యువకుల మనసు పాత స్టాండర్డ్ హెరాల్డ్ మీద పడుతుంది. 1961 నుండి మద్రాసులో తయారైన బండి అది. ఇంగ్లాండులో 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టి చేసే నిర్మించారు. అందమైనదే, కాదనలేము.

అయితే కొనేముందు మూడు సంగతులు చూడండి. మొదటిది, పై రంగు చూసి మురిసిపోవద్దు. కింద ఛాసిస్ తుప్పు పట్టిందేమో మెకానిక్‌ చేత చూపించండి. రెండవది, ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్ నంబర్లు బండి మీదవాటితో సరిపోవాలి. మూడవది, 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టరు చేయిస్తే రుసుము 20,000 రూపాయలు. ఆపైన ప్రదర్శనలకు, ర్యాలీలకు తీయవచ్చు గాని రోజూ తిప్పకూడదు.

మరి అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే సికింద్రాబాదు ఆసుపత్రికి ఎలా వెళతారు? ఇంటి అవసరానికి వేరే బండి ఉండి, అప్పు చేయనవసరం లేక, ఇల్లాలు మనసారా సరేనంటే కొనుక్కోండి. లేదంటే కళ్లారా చూసి సంతోషించి, ఇంటికి రండి. పొలం ఒక్కసారే అమ్ముడవుతుంది. ఆ డబ్బులో పిల్లల చదువు కూడా ఉంది.