వరద దారిలో ఓ నడక

హైదరాబాద్‌లో హెరిటేజ్ వాక్ అంటే దారి ముందే తెలిసిపోతుంది. చార్మినార్ దగ్గర మొదలై, లాడ్‌బజార్ గాజుల దుకాణాల మీదుగా చౌమహల్లా ప్యాలెస్‌లో తేలుతుంది. 1591, కులీ కుతుబ్‌షా, నిజాముల షాండ్లియర్లు, ఆఖర్న ఇరానీ చాయ్. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ నాలుగు శతాబ్దాలు దాటిన ఊరిని ఎంతసేపూ నవాబుల గుమ్మాల ముందే నిలబెట్టి చూపించడం ఏం న్యాయం?

రాజుల్ని కాసేపు పక్కనపెట్టి మూసీ వెంట నడిపిస్తే సరి.

అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు సుమారు 150 మంది ఆ కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదకు బలైనవారు 15 వేల దాకా ఉంటారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. గైడు ఈ చెట్టు కింద ఇంతమాత్రం చెబితే చాలు, మసాలా అక్కర్లేదు.

అక్కణ్నుంచి నయాపూల్ దాటితే కుడిచేతి వైపు హైకోర్టు. వరద తర్వాత ఊరిని చక్కదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇప్పుడు పెళ్లి బట్టల కోసం జనం కిటకిటలాడే పత్తర్‌గట్టి రాతి కమాన్ల వరస ఆ బోర్డు చలవే. ఆ పక్కనే బాద్‌షాహీ ఆషుర్‌ఖానా. గోడల మీద నీలం, పసుపు ఎనామెల్ పలకలు నిగనిగలాడుతుంటాయి. చూపు కిందికి దించితే ఆ మెరుపు ఉండదు. వరదనీటికి పలకలు పాడైనచోట అవే డిజైన్లను రంగులతో దిద్దారు. వరద ఆనవాలు ఇంత దగ్గరగా చూపించే గోడ ఊళ్లో మరొకటి దొరకడం కష్టం. చాలామంది దాని ముందు నుంచే ముత్యాల బేరానికి వెళ్లిపోతారు!

ఇంతా చేస్తే ఈ దారి రెండు కిలోమీటర్లు ఉండదు. నడవడమే గగనం. ఫుట్‌పాత్ ఉన్నచోట తోపుడుబండ్లు, లేనిచోట బైకులు. బండ్లవాళ్లను తరిమేయమని కాదు, వాళ్లూ ఈ ఊరి కథలో భాగమే. పార్కింగ్‌ను కట్టడి చేస్తే చాలు.

ఇంకో లోటు భాష. ఈ నడకలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే సాగుతాయి. పాతబస్తీ పిల్లలకు ఉర్దూలో, జిల్లాల నుంచి వచ్చే బడిపిల్లలకు తెలుగులో చెప్పేవాళ్లు కావాలి. ఆ గల్లీల్లో పుట్టి పెరిగిన కుర్రాళ్లకే శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి పెట్టుకోవచ్చు. నిజాం సైన్యంలో కొలువుకొచ్చిన అరబ్బుల వారసులుండే బార్కస్ కథను అక్కడివాళ్లకంటే బాగా ఎవరు చెబుతారు?

వరద తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. ఇప్పుడు మూసీ పునరుజ్జీవం పేరుతో మళ్లీ ప్రణాళికలు నడుస్తున్నాయి. ఉస్మానియా ఆస్పత్రికి గోషామహల్‌లో కొత్త భవనాలు తలపెట్టారు. పాత ఆవరణను ఏం చేయాలో తేల్చేటప్పుడు చింతచెట్టు దాకా జనం నడిచి వెళ్లేందుకు ఒక గేటు, తెలుగు, ఉర్దూల్లో ఒక బోర్డు ఆ కాగితాల్లో ఇప్పుడే రాయించుకోవాలి.