ఎదిగే వయసు నొప్పులేనా?

ఒకసారి ఇంట్లో "మోకాలు నొప్పిగా ఉంది" అని చెప్పి చూడండి. "ఎదిగే వయసు కదా, అలాగే ఉంటుంది" అంటారు నాన్నగారు. "ఆముదం వెచ్చచేసి రాస్తాను, కాలు చాపు" అంటుంది అమ్మమ్మ. "రేపు లెక్కల పరీక్షేమో!" అంటాడు అన్నయ్య. ముగ్గురికీ మీరంటే ప్రేమే. కాని ముగ్గురిలో ఒక్కరూ మీ మోకాలిని చూడలేదు. నా ఫిర్యాదల్లా అదే.

పిల్లలకు 'పెరిగే నొప్పులు' రావటం నిజమే. అయితే వాటికో తీరు ఉంది. అవి సాయంత్రమో రాత్రో వస్తాయి. రెండు కాళ్ళలోనూ, పిక్కల్లో, తొడల్లో వస్తాయి గాని కీలులో రావు. వాపు ఉండదు, కుంటటం ఉండదు. తెల్లవారేసరికి ఏమీ జరగనట్టు పరుగులు తీస్తారు. తమాషా ఏమిటంటే, ఎముక సాగటం వల్లే ఈ నొప్పి వస్తుందని ఇంతవరకు ఎవరూ రుజువు చెయ్యలేదు. పైగా ఇవి చిన్నపిల్లల్లోనే ఎక్కువ. తొమ్మిదో తరగతి కుర్రవాడి కీలు నొప్పికి ఈ పేరు తగిలించటం మనకు సులువు గనుకనే తగిలిస్తున్నాం.

మీ వయసులో మోకాలు నొప్పికి తరచుగా ఆటే కారణం. మోకాలిచిప్పకు కాస్త దిగువన, ఎముక మీద ఒక బొడిపె చేతికి తగులుతుంది. తొడ కండరం తాలూకు గట్టి పట్టీ అక్కడే అతుక్కుని ఉంటుంది. ఎదిగే వయసులో ఆ చోటు ఇంకా పూర్తిగా గట్టిపడదు. కబడ్డీలోనో ఖోఖోలోనో ఎగిరి దూకినప్పుడల్లా కండరం దాన్ని గుంజుతుంది, అది వాచి నొప్పి పెడుతుంది. 1903లో అమెరికాలో ఆస్‌గుడ్, స్విట్జర్లాండ్‌లో స్లాటర్ ఎవరికి వారుగా దీన్ని వర్ణించారు. కొన్నాళ్ళు ఆట తగ్గిస్తే చాలావరకు అదే సర్దుకుంటుంది.

నన్ను భయపెట్టేది ఇది కాదు. దానంతట అదే తగ్గిపోయే మరో నొప్పి ఉంది, దాన్ని చూస్తేనే భయం.

గొంతునొప్పి వచ్చి తగ్గింది. రెండు మూడు వారాలు గడిచాయి, అందరూ మరిచిపోయారు. అప్పుడు జ్వరం వస్తుంది. ఒక మోకాలు వాచి, ముట్టుకోనివ్వదు. అది తగ్గుతుండగానే చీలమండ, ఆ తరువాత మోచేయి. నొప్పి ఇలా కీలు నుంచి కీలుకు వలస పోతూ ఉంటుంది. ఇదే రుమాటిక్ జ్వరం. ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ళ మధ్య పిల్లలకు వస్తుంది. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి మీద పోరాడటానికి శరీరం తయారుచేసుకున్న సైన్యం, పొరపాటున సొంత అవయవాల మీదే పడుతుంది. కీళ్ళు ఏ గుర్తూ మిగలకుండా బాగుపడతాయి. నొప్పిమాత్ర వేస్తే మరీ త్వరగా తగ్గుతాయి, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కాని గుండె కవాటాలకు తగిలిన దెబ్బ అలా మానకపోవచ్చు. కొన్నేళ్ళ తరువాత మెట్లెక్కుతుంటే ఆయాసం రూపంలో అది బయటపడుతుంది. సకాలంలో కనిపెడితే మూడు నాలుగు వారాలకొక పెనిసిలిన్ ఇంజక్షన్ చొప్పున ఏళ్ళ తరబడి ఇచ్చి, జబ్బు తిరగబెట్టకుండా కాపాడతారు. సంపన్న దేశాలలో ఈ జబ్బు అరుదైపోయింది. మన దేశంలో ఇంకా పోలేదు.

ఇంకొక మోసకారి నొప్పి తుంటిది. తుంటి నుంచీ మోకాలి నుంచీ కబురు మోసే నరాలు కొన్ని ఒకటే. అందుకని చెడింది తుంటి అయినా, నొప్పి మోకాలిలో తెలియవచ్చు. సుమారు 10–16 ఏళ్ళ మధ్య, ముఖ్యంగా బరువెక్కువ ఉన్న పిల్లల్లో, తొడ ఎముక పైనుండే బంతిలాంటి తల పక్కకు జారుతుంది. పిల్లవాడు కుంటుతాడు, పాదం బయటికి తిరుగుతుంది. నడిచినకొద్దీ ఇంకా జారవచ్చు. మోకాలికి ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నప్పుడు, "తుంటి కూడా చూస్తారా డాక్టరుగారూ?" అని అడగటం తప్పు కాదు. లాగి సరిచేస్తామనే వారి చేతికి మాత్రం ఆ కాలు ఇవ్వకండి.

మరి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి? జ్వరంతో పాటు ఒక కీలు వాచి, కాలు మోపలేకపోతే ఆ పూటే వెళ్ళాలి. కీలులో చీము చేరితే తెల్లవారేదాకా ఆగటం కూడా ఆలస్యమే. కుంటుతున్నా, పొద్దున్నే కీళ్ళు బిగుసుకుపోతున్నా, ఒకేచోట నొప్పి రాత్రిళ్ళు నిద్రలేపుతున్నా, మనిషి పాలిపోయి చిక్కిపోతున్నా ఆ వారం దాటనివ్వకూడదు. కీళ్ళవాతం ముసలివాళ్ళ జబ్బు అనుకోకండి. 16 ఏళ్ళు నిండకముందే మొదలయ్యే రకం కూడా ఉంది.

జట్టులోంచి తీసేస్తారని కొందరు నొప్పి దాచుకుంటారు. పని తప్పించుకుంటున్నావంటారని ఆడపిల్లలు మరీ దాస్తారు. దాచకండి. ఒక నోటుపుస్తకంలో రాయండి: ఏ కీలు, ఏ వేళ, ఎన్ని రోజులుగా. రెండు మోకాళ్ళ చుట్టూ దారం చుట్టి కొలవండి, వాపు ఉంటే తేడా తెలుస్తుంది. నెలలోపు గొంతునొప్పి వచ్చిందేమో అమ్మను అడిగి అదీ రాయండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ బడులకు వచ్చే వైద్యబృందం పరీక్షించవలసిన జబ్బుల్లో రుమాటిక్ గుండెజబ్బు కూడా ఉంది. వాళ్ళు వచ్చిన రోజున ఆ పుస్తకం చూపించండి. వాళ్ళు రావటానికి ఇంకా నెలలు పట్టేటట్లుంటే, నాన్నగారిని వెంటబెట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి.