వేషము లెవరికి?

పదిమంది చేరినచోట ఒక నటుని పేరెత్తి, "పెద్ద హీరో కావలసినవాడు, కాలేకపోయినాడు" అనుట, వెంటనే వాని జాతకమును, అలవాట్లను, ప్రేమవ్యవహారములను విచారించుట, తుదకు "అదృష్టము లేదు" అని నిట్టూర్చి లేచిపోవుట మనవారికి వేడుకయైనది. అశ్వారావుపేట బస్సుస్టాండు కడ టీకొట్లలోనే కాదు, చదువుకొన్న గృహస్థుల వసారాలలోను మేమీ మాటలే వినుచున్నాము. ఇది సానుభూతి యని పలుకువారి నమ్మకము. తప్పించుకొనుట యని మా వాదము.

హరనాథు సంగతి చూడుడు. సీతారామకల్యాణము 1961 లో వచ్చినది. నందమూరి తారకరామారావు దానికి స్వయముగా దర్శకత్వము వహించి, తాను రావణుడై, ఇరువదియైదేండ్లైన నిండని యీ యువకునికి రామవేషము నిచ్చెను. మేము భద్రాద్రికి చేరువవారము. శ్రీరామనవమికి కల్యాణము చూచివచ్చువారము. రాముడెట్లుండవలెనో మాకు పరులు చెప్పనక్కరలేదు. ఆ వేషమును నేటికిని మెచ్చువారు మాలో నున్నారు. అంతటివాడు అగ్రస్థానము నందకయే 1989 లో గతించెను. ఏలయని యడిగిన, ఆయన వ్యసనముల కథ చెప్పుదురు. సరియే, కాని వ్యసనములు ఆయన యింటి గడప నొక్కదానినే తొక్కినవా? పెద్దవాని యందు రాజసమనిపించుకొను అలవాటే చిన్నవాని యందు పతనకారణ మనిపించుకొనును. తూకపురాళ్ళు రెండు రకములుగా నున్నవి.

ఉదయ్ కిరణ్ కథ మఱింత దగ్గఱిది. 2000 లో "చిత్రం", 2001 లో "నువ్వు నేను", "మనసంతా నువ్వే": వరుసగా మూడును జనము విరుగబడి చూచినవే. ఉత్తమ నటుడని ఫిలింఫేరు పురస్కారమును వచ్చినది. వెనుక సినిమా కుటుంబము లేదు. కొన్ని చిత్రములు తప్పిన తరువాత అవకాశములు సన్నగిల్లినవి. 2014 జనవరి 5 న, ముప్పదిమూడవ యేట, ఆత్మహత్య చేసికొనెను. ఒక మనుష్యుని మరణమునకు ఒక్క కారణము చెప్పుట అవివేకము. మేమా పని చేయము. కాని బ్రదికియుండగా "వాని పని అయిపోయినది" అని నవ్విన నోళ్ళే మఱునాడు "ఎంతటి నటుడు!" అని విలపించుట మేము విన్నాము.

చిత్రములు తప్పనివారెవరు? తప్పిన తరువాత మఱల నిలువబెట్టువా రున్నారా లేరా యనుటయే ప్రశ్న. తారల వంశమున పుట్టినవానికి అయిదు తప్పినను ఆఱవదానికి నిర్మాత సిద్ధము, థియేటరులు సిద్ధము, తాతనాటి అభిమాన సంఘములు సిద్ధము. ఒంటరిగా వచ్చినవానికి మూడవదానితోనే తలుపులు మూతపడును. మనవారు అదృష్టమని పిలుచుచున్నది దీనినే.

"తరుణ్ తల్లిదండ్రులు నటులే గదా, అతడేల అగ్రతార కాలేదు?" అని కొందఱు మమ్మడుగుదురు. నటుల కుమారుడగుట వేఱు, తారల కుమారుడగుట వేఱు. 1990 లో "అంజలి"కి బాలనటుడుగా జాతీయ పురస్కారము, 2000 లో "నువ్వే కావాలి" వంటి విజయము ఉండియు అతనికి అభిమానుల సైన్యము వారసత్వముగా రాలేదు. అతని తల్లి రోజారమణి 1967 లో "భక్త ప్రహ్లాద"లో ప్రహ్లాదుడైన బాలిక. తరువాత ఎందఱో నాయికలకు తన కంఠమునిచ్చినది. మన గృహిణులు ఏ కంఠము విని కంటతడి పెట్టిరో వారికే తెలియదు! స్త్రీల విషయము ఇంకను ఘోరము. నాయకుడు అఱువదేండ్లకును నాయకుడే. నాయిక ముప్పది దాటగానే వదిన యగును, పిమ్మట తల్లి యగును. ఆమెను గూర్చి "కాలేకపోయినది" అని నిట్టూర్చుట కూడ మనకు తోచదు.

బళ్ళారి రాఘవ వృత్తిచే న్యాయవాది, రంగస్థలముపై మహానటుడు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టినవాడు. 1936 లో "ద్రౌపదీ మానసంరక్షణము", 1939 లో "రైతుబిడ్డ" చిత్రములలో నటించెను. సినిమా ఆయనను తారను చేయలేదు. ఆయనను విఫలుడని యెవరైన అనిరా? నాడు నటుని నటనతో కొలిచిరి. నేడు మొదటినాటి టిక్కెట్ల వసూలుతో కొలుచుచున్నాము.

చెన్నపట్టణమును, హైదరాబాదును నిందించి ఊరకుండుట సులభము. ఈ వంశపూజ అచ్చటనే పుట్టినదా? మా ప్రాంతపు పాఠశాలలలో వార్షికోత్సవ నాటకములు చూచువారము గనుక చెప్పుచున్నాము. రాముడెవరు? చందా అధికముగా నిచ్చిన యింటి పిల్లవాడు. లక్ష్మణుడు అధికారి కుమారుడు. చుట్టుపట్ల గూడెములనుండి వచ్చు కోయ బాలురు వానరసేన. అడవిలో పుట్టి పెరిగిన బాలునికి గుహుని వేషమైన దక్కదు. అదియు పామాయిలు తోటల ఆసామి యింటికే పోవును. ఆ వానరులలో నొకడు సంభాషణ లన్నియు కంఠస్థము చేసి, తెరవెనుక నిలిచి రామునికి అందించుట కన్నులార చూచితిమి. వానిని గూర్చి "కావలసినవాడు" అని యెవరును నిట్టూర్పరు, మొదలే వేషమీయలేదు గనుక.

ఈ యేడు వేషములు పంచుటకు ముందు పిల్లలందఱిచేతను సంభాషణలు చదివించి, పేర్లు చూడక, కంఠము విని నిర్ణయింపవలెనని మేము కోరితిమి. నేటివరకు తమ పిల్లవానికే రామవేషము కావలెనని చీటీలు పంపిన గృహస్థులు ముగ్గురు. వారిలో నిద్దఱు ఈ పత్రికకు చందాదారులు.